జింకు బియ్యం, మూసీ నీళ్లు

మా అన్న ఎల్బీనగర్ చౌరస్తాలో నల్గొండ బస్సు దిగి, బియ్యం మూటతో ఆటో ఎక్కి వనస్థలిపురంలోని మా ఇంటికి వచ్చాడు. నా మనవరాలికి అన్నం ముట్టించే రోజు దగ్గరపడుతోంది. మొదటి ముద్ద మా పుట్టింటి బియ్యంతోనే పెట్టాలని ఆయన పట్టు. మూట విప్పి నా అరచేతిలో గుప్పెడు పోశాడు.

"గివి మామూలు బియ్యం గాదు చెల్లె. జింకు బియ్యం. నువ్వు ఎప్పుడు నోరు తెరిచినా జింకు జింకు అంటవ్ గదా! పక్కూరాయన దగ్గర వడ్లు మార్చుకొచ్చి పాప కోసమే ఏసిన."

"యాడ ఏసినవ్?"

"ఇంకేడ? మన మూసీ కాల్వ కింద మడిల. గా నీళ్లకు పైరు నల్లగ లేస్తది."

నేను అరచేతిలోని బియ్యాన్ని మళ్లీ మూటలో పోసేశాను.

నేను ధాన్యాల్లో ఖనిజాలు కొలిచే ల్యాబ్‌లో పనిచేస్తాను. గింజను పొడిచేసి, యాసిడ్‌లో కరిగించి, ఇనుమెంత, జింకెంత అని మిషన్‌లో చూడటమే నా బతుకుతెరువు. ఒక వరి రకం మట్టిలోంచి జింకును బాగా లాగుతుంది, ఇంకో రకం లాగదు. ఆ గుణం జన్యువుల్లోనే ఉంటుంది. ఎక్కువ లాగేదాన్ని చూసి శాస్త్రవేత్తలు మంచి రకంతో సంకరం చేస్తారు. అంతవరకు బాగానే ఉంది. కానీ కాడ్మియం అని ఒక విషలోహం ఉంది, జింకుకు తోడబుట్టినట్టే ఉంటుంది. వేరు ఆ రెండింటినీ సరిగా పోల్చుకోలేదు, తోవలో రెండూ కలిసి వచ్చేస్తాయి. వచ్చిన కాడ్మియాన్ని వేరులోనే పెట్టి తాళం వేసే జన్యువు ఒకటి వరిలో ఉంది. కొన్ని రకాల్లో ఆ జన్యువు చెడిపోయి ఉంటుంది. అప్పుడు విషం గింజకెక్కుతుంది, తిన్నవాళ్ల మూత్రపిండాల్లో చేరి ఏళ్లకేళ్లు కదలదు. సిటీ మురికినంతా మోసుకుపోయే మూసీ కింద, తాళం ఉందో లేదో తెలియని వడ్లు వేశాడు మా మహానుభావుడు!

"మడిల నీళ్లు ఎప్పుడు తీసేసినవ్?" అని అడిగాను.

"కంకి ఈనంగనే తీసేసిన. మడి ఎండకపోతే కోత మిషిన్ దిగబడ్తది గదా."

అదీ చేశాడు! నీళ్లు నిలిచున్నంతకాలం మట్టి పట్టి ఉంచే కాడ్మియం, మడి ఎండితే పట్టు తప్పించుకుని వేరుకు అందుతుంది. నాకు భయంతోపాటు ఒళ్లు మండిపోయింది.

"నీ తెల్వి తెల్లారినట్టే ఉన్నది అన్నా! నన్నొక మాట అడిగితే నీ సొమ్మేం పోయింది?"

ఆయన మొహం చిన్నబోయింది. "పసిపిల్లకు విషం పెడ్తనా చెల్లె నేను?" అన్నాడు. ఇచ్చిన చాయ్ అలాగే వదిలేసి వెళ్లిపోయాడు.

కోడలికి చెప్పకూడదనుకున్నాను, దాచలేకపోయాను. పాపకు వెండి గిన్నె కొందామని దిల్‌సుఖ్‌నగర్ వెళ్లాం. దుకాణం ఆయన గిన్నెను త్రాసులో పెడుతుంటే, నా కళ్ల ముందు ల్యాబ్‌లో తూచే బియ్యప్పొడే కనపడింది.

"అత్తమ్మా, ఏమైంది? గట్ల చూస్తున్నరేంది?" అంది కోడలు.

మెట్రో స్తంభాల కింద ఆ హారన్ల మోతలో నిలబెట్టి అంతా చెప్పాను. ఆమె పాపను గుండెకు అదుముకుంది. "అమ్మో, గా మూట ఇంట్లనే ఉన్నది గదా!" అంది. ఇంటికి వచ్చీ రాగానే మూటను బాల్కనీలోకి ఈడ్చి పడేసింది. ఆ బియ్యం పట్టుకున్న చేతుల్ని నేను సబ్బుతో కడిగాను. కడిగితే పోయేది కాదని తెలుసు, అయినా కడిగాను.

ల్యాబ్‌లో మా పెద్దసారును బతిమాలి ఆ బియ్యం శాంపిల్ పెట్టుకున్నాను. మా పనిలో ఒక్క శాంపిల్‌ను ఒంటరిగా నడపరు. పోల్చి చూడటానికి పక్కన బాగా తెలిసిన రకం ఇంకోటి పెట్టాలి, దాన్ని చెక్ అంటాం. చెక్ కోసం మేం రోజూ తినే బియ్యం మా డ్రమ్ములోంచి తీసుకెళ్లాను. అవీ అన్న పండించినవే, పాత రకం. మా అమ్మ కాలం నుంచీ తింటున్నాం, వాటికేమవుతుందనే ధీమా. రెండూ పొడిచేసి యాసిడ్‌లో వేశాను. పాపకు ఇంకా ముట్టించలేదు కదా, ముట్టించలేదు కదా అని గొణుక్కుంటూనే ఉన్నాను.

మిషన్ అంకెలు చూపించింది. అన్న తెచ్చిన బియ్యంలో కాడ్మియం ఉందా అంటే ఉందన్నట్టుంది, అంతే. ఆ రకంలో తాళం గట్టిగానే ఉంది. దేవుడా, నువ్వున్నావు అనుకుని కుర్చీలో కూలబడ్డాను. అన్నకు ఫోన్ చేసి తప్పయిందని చెప్పాలనుకున్నాను.

అప్పుడు చెక్ వరుస చూశాను. కాడ్మియం అక్కడుంది, మా డ్రమ్ము బియ్యంలో.

పొడి కరిగించిన గిన్నె సరిగా కడగలేదేమో అనుకున్నాను. యాసిడ్‌లో ఏదో కలిసిందనుకున్నాను. ఇంకో గుప్పెడు తీసి మొదటి నుంచీ మళ్లీ చేశాను. అదే అంకె వచ్చింది. మడి అదే, నీళ్లు అవే, ఎండబెట్టిన చెయ్యీ అదే. రకం ఒక్కటే వేరు. పూటపూటా తినే బియ్యాన్ని ఎవరు అనుమానిస్తారు? గింజలు కొలిచే దాన్ని, నాకే తోచలేదు.

మెట్రోలో ఎల్బీనగర్ దాకా ఎలా వచ్చానో గుర్తు లేదు. ఇంటికి చేరేసరికి కోడలు గుమ్మంలోనే కూర్చుని పాపకు పాలిస్తోంది.

"ఏమొచ్చింది అత్తమ్మా?"

"మా అన్న తెచ్చినవి మంచియే" అన్నాను.

ఆమె ఏడుస్తూ నవ్వింది. "బతికిచ్చిన్రు అత్తమ్మా! గా మూట వచ్చిన కాన్నుంచి నాకు కంటిమీద కునుకు లేదు. పాలిచ్చేదాన్ని గదా, పొరపాటున గూడ ఒక్క మెతుకు నోట్లకు పోవద్దని డ్రమ్ముల పాత బియ్యమే జాగ్రత్తగ వండుకున్న. కడుపుల ఉన్నప్పటి సంది గవే తింటున్న, పాపకు ఏం గాలె గదా, గవే మేలనుకున్న."

తల్లి తిన్నదాంట్లోంచి పాలలోకి దిగేది కొంచెమేనని నేను చదివాను. ఆ కొంచెం ఎంతో మాత్రం నాకు తెలియదు.

"కాళ్లు కడుక్కొని రండి, అన్నం వేడిగున్నది" అంది.

పాప పాలు తాగడం అయ్యేదాకా ఆగాను. తర్వాత చెప్పాను.