బేస్ ఆంప్లిఫయరును నా గొంతుతో పరీక్షించిన కథ

నోరున్నవాళ్ళకు తెలివి కూడా ఉన్నట్టే లెక్క అని మనిషి నమ్మే వయసొకటి ఉంటుంది. నాకది సూర్యాపేటలో డిగ్రీ చదివే రోజుల్లో వచ్చి, చాలాకాలం పోలేదు. అప్పట్లో మా చుట్టాల పిల్లలం నలుగురం కలిసి ఒక ఆర్కెస్ట్రా పెట్టుకున్నాం. కోదాడ బావది కీబోర్డు, ఆయన తమ్ముడివి డ్రమ్స్, మా పెద్దమ్మ కూతురు అక్కది బేస్ గిటారు. నాకు పాట రాదు, వాయిద్యం రాదు. బేరాలాడటానికీ, మాట తప్పినవాళ్ళతో కొట్లాడటానికీ నన్ను పెట్టుకున్నారు. (ఈ మాట వాళ్ళెవరూ పైకి అనలేదు. "మేనేజర్" అన్నారు.)

అక్క గిటారుకు నాలుగు లావు తీగలుండేవి. దాని పని పాట అడుగున ఉండి మొయ్యడం. మాకు సొంత ఆంప్లిఫయరు లేదు గనుక ఎక్కడికి పోతే అక్కడి మైక్‌సెట్టులో దాని వైరు గుచ్చేవాళ్ళం. దాంతో అది పాట అడుగునే కాదు, ఎక్కడా ఉండేది కాదు. మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే పెద్దనాయన, అంటే అక్క వాళ్ళ నాన్న, రెండు ఫంక్షన్లకు వచ్చి ముందు వరుసలో కూర్చుని, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని మరీ విన్నాడు. తర్వాత అక్కను పిలిచి నెమ్మదిగానే చెప్పాడు. "బిడ్డా, బావది ఇనవడ్డది, డ్రమ్ము ఇనవడ్డది. నువ్వు ఏళ్ళు కదిలిచ్చుడే కనవడ్డది గని సప్పుడు లేదు. ఇనవడని పనికి ఊర్లు తిరుగుడెందుకు? కోదాడల ఓణీల ఫంక్షన్ ఒప్పుకున్నరు గదా, అదొక్కటి సూస్త. అప్పుడు గూడ ఇనవడకుంటే ఇగ దాన్ని అటక మీద పెట్టు." అక్క తలూపింది. ఏడ్చి ఉంటే నేను తట్టుకునేదాన్ని. ఆ సాయంత్రమంతా కూర్చుని గిటారు తీగలు ఒక్కొక్కటే తుడిచింది.

అందుకని చేతిలో ఉన్న కొద్ది డబ్బుతో పాత ఆంప్లిఫయరు కొనడానికి అక్కా నేనూ మిర్యాలగూడ బయల్దేరాం. అక్క గిటారు సంచి భుజాన వేసుకుంది. నేను దింపించాను.

"గది పట్టుకపోతే మనకు అవసరమని సేటుకు తెల్వదా? రేటు పెంచుతడు. ఉత్తగ సూసిపోను వచ్చినట్టుండాలె."

"మరి ఎట్ల వాయించి సూస్తమే?"

"పెద్దగ ఇనవడాలె, అంతే గదక్కా!"

(బట్టల దుకాణానికి వెళ్ళినా కళ్ళల్లో ఆశ కనబడనివ్వొద్దని మా ఇళ్ళలో నేర్పుతారు. నేను ఆ విద్యను కొంచెం ముందుకు తీసుకెళ్ళాను.)

దుకాణంలో ముసలి సేటు, "దేనికమ్మా?" అన్నాడు. "ఊరికే" అన్నాను నేను. "బేస్ గిటారుకు" అంది అక్క, సరిగ్గా అదే క్షణంలో. మా డబ్బుకు వచ్చేవి రెండే ఉన్నాయి. ఒకటి బేస్ కోసమే చేసిన నల్లటి డబ్బా, ముందరి గుడ్డ ఒక మూల చిరిగింది, లోపల పళ్ళెమంత స్పీకరు, ఎత్తాలంటే ఇద్దరు కావాలి. రెండోది మైక్‌సెట్టు ఆంప్లిఫయరు, మెరిసే మీటలు, రెండు సన్నటి నిలువు బాక్సులు. వాట్లు దీనికే రెట్టింపు.

"గిటారుకైతే నల్లది తీస్కపో అమ్మా. లావు సప్పుడుకు పెద్ద స్పీకర్ కావాలె. వాట్లు సూడకు."

"వాట్లు సూడకుంటే ఇంకేం సూడాలె సేటూ, రంగు సూడాలెనా?"

ఆయన వాదించాడు, నేను ఇంకా బాగా వాదించాను. చివరికి ఆయన విసిగి మైకు నా చేతికిచ్చాడు. మైకు చేతికొస్తే మా వైపు ఎవరైనా అనేది ఒకటే. "హలో, మైక్ టెస్టింగ్, వన్, టూ, త్రీ." నల్లడబ్బాలో నా గొంతు దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టు వచ్చింది. రెండోదాంట్లో... అబ్బ! రోడ్డు మీద సోడా బండి దగ్గరున్నవాళ్ళు వెనక్కి తిరిగారు. నా గొంతు అంత స్పష్టంగా, అంత అధికారంగా నేనెప్పుడూ వినలేదు. అవసరం లేకపోయినా టెన్ దాకా వెళ్ళాను. అక్క మెల్లగా, "నీ నోటికి మంచిగనే ఉన్నదే. నా తీగలకు?" అంది. "నీకన్ని అనుమానాలే" అని నిలువు బాక్సులు కట్టించాను.

కోదాడ ఫంక్షన్ హాల్లో అక్క మొదటి తీగ మీటగానే ఆ బాక్సులు అద్దాల కిటికీలో ఇరుక్కున్న ఈగలా జుయ్యిమన్నాయి. పెంచితే ఈగ పెద్దదయింది, అంతే. "ఏంటే ఆ గోల? తగ్గించు ముందు!" అన్నాడు బావ. అక్క పూర్తిగా తగ్గించేసింది. తగ్గించి, ఎవరికీ వినబడని ఆ తీగల మీద ఒక్క దెబ్బ తప్పకుండా వాయిస్తూనే ఉంది. ముందు వరుసలో పెద్దనాయన చెయ్యి చెవి దగ్గరే ఉంది. మూడో పాటకు దించాడు.

ఆ చెయ్యి దిగడం నేను చూశాను. భోజనాల దగ్గర ఆయన విస్తరి ముందు నిలబడి, "తప్పు నాది పెద్దనాయనా. సేటు మంచిదే సూపించిండు. నా గొంతు మంచిగ ఇనవడ్డదని నేనే ఇది కొన్న" అన్నాను. ఆయన ముద్ద ఆపాడు. "నువ్వు తప్పు ఒప్పుకుంటున్నవా?" పక్కనున్న ఇద్దరు కూడా తినడం ఆపారు. "అయితే జర సూడాల్సిందే. పోదాం పా, ఆ సేటు కాడికి."

ఆదివారం ముగ్గురం వెళ్ళాం, గిటారుతో సహా. సేటు ఏ దెప్పూ లేకుండా నల్లడబ్బాను ముందుకు జరిపాడు, అది నాకు ఎక్కువ కష్టమైంది. అక్క నల్లడబ్బాకు వైరు తగిలించి, అన్నిటికంటే లావు తీగ మీటింది. కౌంటరు మీది స్క్రూల డబ్బా సన్నగా వణికింది. పెద్దనాయన ఈసారి చెవి దగ్గరికి చెయ్యి పోనివ్వలేదు. చెప్పు విడిచి, ఒట్టి పాదం నేలకు ఆనించాడు.

"ఆపకు బిడ్డా" అన్నాడు. అక్క ఆపలేదు. "మా సిమెంటు మిల్లు సక్కగ తిరిగినప్పుడు గిట్లనే ఉంటది. చెవులకు కాదు, కాళ్ళకు తెలుస్తది. ఇది ఆగిందంటే అందరం ఉరుకుతం." తర్వాత కొంచెం కోపంగానే, "నువ్వు చేసే పని ఇదా? ముందే చెప్పొద్దా!" అన్నాడు. అక్క తలెత్తలేదు. ఆమె వేళ్ళు మాత్రం కాస్త నిబ్బరంగా పడటం మొదలుపెట్టాయి.

సేటు మార్చి ఇచ్చాడు. నేను బేరమాడలేదు. అక్క ఆ తర్వాత చాలా ఏళ్ళు వాయించింది, మానడం కూడా తనకు తోచినప్పుడే మానింది. నాకిప్పుడు వయసు మళ్ళుతోంది, వాదన మాత్రం మళ్ళలేదని మా ఇంట్లో అంటారు. సోడా బండి దాకా తన గొంతు వినబడిందని మురిసిపోయిన ఆ పిల్ల అప్పుడప్పుడు గుర్తొస్తుంది. కోపం రాదు. ఒక్కసారి ఎదురుగా కూర్చోబెట్టుకుని, సేటు మాట విను తల్లీ అని నచ్చజెప్పాలనిపిస్తుంది. ఆ పిల్లతో వాదించి గెలవలేనని తెలుసు, అయినా.