ఎవర్నడిగినా చెబుతారు

మా ఆయన శ్యామ్‌సుందర్‌కు ఆదివారం వచ్చిందంటే కుదురుండదు. అబిడ్స్‌లో పెళ్లిపత్రికల దుకాణంలో ఇరవై రెండేళ్లుగా అచ్చుతప్పులు దిద్దే మనిషి. వారంలో ఆరు రోజులు నోట్లో నాలుక లేనట్టే ఉంటాడు. ఏడో రోజు మాత్రం కంప్యూటర్ ముందు కూర్చుని రాజు, దొంగ, మంత్రసాని, అన్నీ తానే అయిపోయేవాడు. నలుగురైదుగురు వేర్వేరు ఊళ్ల నుంచి ఆన్‌లైన్‌లో చేరి, కథలో తలా ఒక పాత్ర తీసుకుని మాటలతో ఆడే ఆట అది. పాచికలు కూడా వేస్తారు. కథ నడిపేవాడు ఒకడుండాలి. నాలుగేళ్లపాటు ఆ ఒకడు మా ఆయనే.

కిందటేడు చలికాలంలో ఆయన గొంతులో చిన్న గడ్డ తీశారు. ప్రాణానికి ఫికర్ లేదని దవాఖానలో చెప్పారు. గొంతు మాత్రం మునుపటిలా రాదన్నారు. పది నిమిషాలు మాట్లాడితే ఇక గాలే వస్తుంది. మూడు గంటల ఆట ఇంకేం నడుపుతాడు? అందుకని రాయడం మొదలుపెట్టాడు. ఒక్క పూటలో ముగిసే కథ, ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా కాగితాలు తెరిచి అప్పటికప్పుడు నడపగలిగేలా. ఊరి పటం, మనుషుల పేర్లు, వాళ్లు పలికే మాటలు, అన్నీ అందులోనే ఉండాలి. బెంగళూరులో ఉద్యోగాలు చేసే మనవైపు పిల్లలు కొందరు అలాంటి కథలు తీసుకుని ఆడేవాళ్లందరికీ పంచుతారు. ముందు ఒకసారి ఆడి చూస్తారు. రాసినవాడు వినొచ్చు గాని నోరు విప్పకూడదు, టైపు కొట్టకూడదు. ఆయన తన గొంతు సంగతి కూడా రాసి కథ పంపాడు.

"గిది గూడ పోతే నేనింక ఆట మొఖం సూడ, విద్యా," అన్నాడు బొంగురుగా. నాకు భయం వేసింది. ఆపరేషన్ తర్వాత రెండు నెలలు ఆట లేకుండా ఆ మనిషి ఎలా ఉన్నాడో చూసినదాన్ని. అన్నం పెడితే తిన్నాడు, లేకపోతే అడగలేదు. మళ్లీ ఆ రోజులు చూడటం నా వల్ల కాదు.

రాసినన్నాళ్లూ నాకు మనశ్శాంతి లేదు. నాంపల్లిలో మాది రెండు గదుల కిరాయి ఇల్లు. వంటింటికీ బాల్కనీకీ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరిగేవాడు. కథలో వంతెన మీది కావలివాడు లంచం తీసుకోవాలా వద్దా అని నా వెంట పడితే ఒకనాడు కూర మాడిపోయింది.

"తీస్కోనియ్యున్రి. నన్ను జర ఇడిసిపెట్టున్రి," అన్నాను.

కథలో ఒక ఊరి గడియారం ఆగిపోతుంది. పొద్దుగుంకేలోపు ఆటగాళ్లు గడియారాలు బాగుచేసే బీరయ్యను వెతికి తేవాలి. ఆదివారం మూడింటికి ఆట మొదలైంది, మేమిద్దరం కంప్యూటర్ ముందు వింటూ కూర్చున్నాం. నడిపేవాడు భూపాల్ అనే కుర్రాడు. గంటసేపు బాగానే సాగింది. ఆటగాళ్లు బీరయ్య ఉండే గల్లీకి వచ్చారు. భూపాల్ కాగితం చూసి చదివాడు. "గల్లీలో ఎవర్నడిగినా బీరయ్య ఇల్లు చెబుతారు."

"సరే, అడుగుతున్నం. గాడ ఎవరున్నరు?" అంది ఆటగాళ్లలో రశ్మి అనే అమ్మాయి.

భూపాల్ కాగితాలు అటూ ఇటూ తిప్పాడు. "ఎవరంటే... రాయలేదు."

మా ఊళ్లో ఏ చిరునామా అయినా 'ఎవర్నడిగినా చెబుతారు' అనే ముగుస్తుంది. ఆయన దిద్దే పెళ్లిపత్రికల్లో సగం అంతే. తాను నడిపినప్పుడు ఆ 'ఎవరో' తానే అయ్యేవాడు. ఒకసారి చాయ్‌వాలా, ఒకసారి ముసలాయన. ఆ మనుషుల్ని కాగితం మీద పెట్టాలని తోచనే లేదు.

"ఒక్క మాట చెప్పున్రి," అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపి, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. ఇరవై నిమిషాలు కిందామీదా పడి వాళ్లు ఆట ఆపేశారు. ఇంకొక్క ఆదివారం చూస్తామని, అదే ఆఖరని భూపాల్ రాశాడు.

నాకు ఒళ్లు మండింది. రాజుగారి అంగీ గుండీల రంగు కూడా రాసిన మనిషి దారి చెప్పేవాళ్లను రాయలేదు. మర్నాడు సాయంత్రం ఆయన పని నుంచి రాగానే చెయ్యి పట్టి రోడ్డు మీదికి లాగాను. "నడువున్రి. ఎవర్నడిగితే ఎట్ల చెప్తరో సూద్దాం."

నాంపల్లి స్టేషన్ దగ్గర మొదలుపెట్టి ఆయన దుకాణం పేరే చెప్పి అడిగాను. చాయ్ కొట్టాయన కుడి అంటూ ఎడమకు చెయ్యి చూపించాడు. పూలమ్మే భాగ్య, పెళ్లి ఎవరిదో తేలేదాకా దారి చెప్పలేదు. ఒక పెద్దమనిషి తనకేమీ తెలియకపోయినా తడబడకుండా మమ్మల్ని వెనక్కి పంపాడు. ఒక తాత మోకాళ్ల నొప్పుల గురించి చెబుతూ మూలమలుపు దాకా మాతో నడిచాడు. ఈయన నిలబడ్డచోటే రాసుకుంటున్నాడు, జనం తగులుతున్నా పట్టించుకోడు. "ఇంకొకర్ని అడుగు," అంటూ నన్ను మోచేత్తో పొడుస్తాడు. కోఠి బస్టాపు చేరేసరికి నా కాళ్లు పీకాయి, ఆయన పుస్తకంలోకి పదకొండు మంది చేరారు.

వాళ్లందర్నీ కథలో చేర్చి మళ్లీ పంపాడు. రెండో ఆదివారం ఆటగాళ్లు గల్లీ దగ్గరికి వచ్చారు. "ఎవరున్నరు?" అని రశ్మి మళ్లీ అడిగింది.

భూపాల్ గొంతు సాగదీశాడు. "ముందుగాల నువ్వెవరి బిడ్డవో చెప్పు. బీరయ్య సంగతి తర్వాత."

అందరూ పకపకా నవ్వారు. పెద్దమనిషి మాట నమ్మి ఊరవతలికి పోయి కుక్కలతో తన్నులాడారు, మోకాళ్ల తాతను బతిమాలి వెనక్కి వచ్చారు. పొద్దుగుంకే ముందు గడియారం గంట కొట్టింది.

"కథ తీస్కుంటున్నం," అన్నాడు భూపాల్. "సార్ ఉన్నరా? ఒక్క మాట మాట్లాడున్రి."

ఆయన మైకు తెరిచాడు. నోరు కదిలింది, ఒట్టి గాలి వచ్చింది. మళ్లీ ప్రయత్నించాడు. నేను చెబుదామని ముందుకు వంగాను, అంతలో రశ్మి అందుకుంది.

"ఫికర్ జెయ్యకున్రి సార్. మూడు గంటల సంది మీ మాటలే ఇంటున్నం."

ఆయన మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. మైకు ఆపాలని ఇద్దరికీ గుర్తులేదు. అవతల ఎవరూ వెళ్లిపోలేదు.