ముప్పావు గంట తొవ్వ

పోయిన సోమవారం నేను బడిలో పాఠం చెబుతుండగా బోధన్ నుంచి మనిషి వచ్చాడు. చెరుకు తూచే కాంటా దగ్గరే మా కాకకు గుండెలో నొప్పి వచ్చిందట. దవాఖానకు తీసుకుపోయేలోపే ప్రాణం పోయిందట. ఆయన మా బాపుకు తమ్ముడు, నన్ను బిడ్డా అనే తప్ప పేరుపెట్టి పిలవని మనిషి. చేతిలో సుద్దముక్క అట్లాగే పట్టుకుని బస్సెక్కాను.

మీలో ఇల్లు వెతుక్కుంటున్న వాళ్లుంటే ఆయన కథ మీకూ పనికొస్తుంది. తన తప్పును దాచుకునే గుణం ఆయనకు లేదు, పదిమందికి చెప్పమనే అనేవాడు.

పెండ్లయిన కొత్తలో కాక చక్కెర ఫ్యాక్టరీలో కాంటా పని చేస్తూ, గేటు పక్కనే ఒక అర్రలో కిరాయికి ఉండేవాడు. ఇల్లు కొందామనుకున్నప్పుడు రెండు కనబడ్డాయి. ఒకటి బోధన్‌లోనే, ఒక ముసలి చాచాది. రెండర్రల పెంకుటిల్లు, ధర పిరం. ఇంకోటి నిజామాబాద్ తొవ్వలో ఏడు మైళ్ల అవతల పల్లెలో. పెద్ద వాకిలి, చేదబావి, మా నాయనమ్మకు వేరే అర్ర, ధర మాత్రం అగ్గువ, సగమే. "దూరమైతది, మళ్ల సోంచాయించు" అన్నాడట చాచా. కాక వినలేదు. ఎండాకాలంలో ఒక పొద్దున ఎవరిదో చేతిగడియారం అడిగి తెచ్చుకుని, ఆ పల్లె ఇంటి గడప నుంచి ఫ్యాక్టరీ గేటు దాకా సైకిల్ తొక్కి చూశాడు.

"ముప్పావు గంట! గింత దానికి గన్ని పైసలు పొయ్యాల్నా?" అన్నాడు.

ఆయన తొక్కింది ఫ్యాక్టరీ ఆగి ఉన్న రోజుల్లో. చెరుకు బండ్లు గేటు లోపలికి రావడం ఏటా చూసినవాడే గానీ, అవి తొవ్వ మీద ఎట్లా ఉంటాయో గేటు పక్కన కాపురమున్న మనిషికి తెలియలేదు. కార్తీకం వచ్చి చెరుకు ఆడటం మొదలయ్యాక తెలిసింది. మైళ్ల పొడవున బండి వెనక బండి. ఒక్క ఇరుసు విరిగిందా, అన్నీ ఆగాల్సిందే. సైకిల్ భుజానేసుకుని పొలం గట్లంట నడిచేవాడు. ముప్పావు గంట కాస్తా రెండు గంటలయ్యేది, ఉగాది దాకా అంతే. "ఊరి చెరుకంత తూస్తవు, తొవ్వ తూసుడు రాకపాయె" అని చిన్నమ్మ నవ్వేది.

ఇంటికొచ్చి ముందు సైకిల్‌ను పాత రుమాలుతో తుడిచేవాడు, ఆ తర్వాతే కాళ్లు కడుక్కునేవాడు. "నన్నెందుకు చేసుకున్నడో, గా సైకిల్‌నే లగ్గం చేసుకోవాల్సుండె" అనేది ఆమె.

ఆ నవ్వులు ఒక పుష్యమాసంలో ఆగిపోయాయి. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. నాయనమ్మకు ఊపిరి అందడం లేదని బోధన్‌కు మనిషిని పంపాం. కాక వెంటనే బయలుదేరాడు. కల్వర్టు దగ్గర బండి బోల్తాపడి తొవ్వంతా ఆగిపోయి ఉంది. సైకిల్ అక్కడే పడేసి, నాటేసిన మడుల్లో పడి ఉరికాడు. ఇక్కడ నాయనమ్మ నా చెయ్యి పట్టుకుని రెండుసార్లు అడిగింది, "నా కొడుకు ఏడిదాక వచ్చిండు?" అని. రెండుసార్లూ "కల్వర్టు దాటిండు" అని అబద్ధమాడాను.

కాక మోకాళ్ల దాకా బురదతో వచ్చేసరికి ఆమె లేదు. కాళ్ల దగ్గర కూలబడి, "అగ్గువకు కొన్ననుకున్ననే అవ్వా, అగ్గువకు కొన్ననుకున్న" అని ఏడ్చాడు. ఆ ఏడుపు నాకు ఇంకా వినబడుతూనే ఉంది.

ఇల్లు అమ్మేసి బోధన్‌లోనే ఉండమని అందరం చెప్పాం. "అవ్వ పానం పోయిన ఇల్లు, ఎట్ల అమ్ముత?" అన్నాడు. మేం మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

నాకు నిజామాబాద్‌లో పంతులమ్మ కొలువు వచ్చాక, మేమూ ఊరవతల తక్కువ ధరకు ఒక ఇల్లు చూసుకున్నాం. కాక పనిగట్టుకుని వచ్చాడు. ముసురు పట్టిన రోజు, బడి విడిచే వేళ, నన్ను వెంటబెట్టుకుని ఆ ఇంటిదాకా నడిపించాడు. ఇంటి లోపలికే రాలేదు. పిక్కల లోతు నీళ్లలో నిలబడి, "ఇల్లు ఒక్కసారి కొంటం బిడ్డా, తొవ్వ రోజూ కొంటం" అన్నాడు. బడి పక్క సందులో చిన్న ఇల్లే కొన్నాం. పిల్లలకు జ్వరమొస్తే పాఠానికీ పాఠానికీ మధ్య వెళ్లి నుదురు పట్టి చూసి రాగలుగుతున్నాను. అది ఆయన పెట్టిన భిక్ష.

ఇదీ చెరుకు కాలమే. కాకను ఒక రైతు ట్రాక్టర్‌లో పడుకోబెట్టాం. పక్కన ఆయన సైకిల్, తల దగ్గర చిన్నమ్మ, నేను. బోధన్ దాటగానే కనుచూపు మేరా బండ్లే. ఈ ఒక్కరోజన్నా వదలరా అని నాకు ఏడుపొచ్చింది. ఎదురొచ్చిన మొదటి బండి మనిషి ట్రాక్టర్‌లోకి చూశాడు. కిందికి దిగి తన వెనక బండ్లకు కేకేశాడు.

"కాంటా సారు పోతుండు, జరుగుండ్రి!"

ఆ కేక బండి నుంచి బండికి పోయింది. ఒక్కొక్క బండే తొవ్వ దిగి పక్కకు జరిగింది. బండ్లవాళ్లు తలగుడ్డలు తీసి చేతబట్టుకుని నిలబడ్డారు. ట్రాక్టర్ ఎక్కడా ఆగలేదు.

ఇంటి ముందు దిగి గడియారం చూసుకున్నాను. ముప్పావు గంట. చిన్నమ్మకు చెప్పాను. ఆమె సైకిల్ దింపించి గోడకు ఆనించుకుంది. ఎవరో కాళ్లకు నీళ్లు తెచ్చినా అందుకోకుండా, కొంగుతో దాన్ని తుడుస్తూ కూర్చుంది.