మందు ఘాటుకు పడిన మనిషి

పుంగనూరు దగ్గరి ఒక ఊళ్ళో, పిల్లల టీకాల శిబిరంలో, నేను స్పృహ తప్పి పడింది మందు ఘాటుకు కాదు, సూదిని చూసి. ఈ ముక్క ఆనాడే చెప్పి ఉంటే ఒక నర్సమ్మకు ఎన్నో ఏళ్ళ నడక తప్పేది. చెప్పలేదు. ఆ రోజుల్లో మదనపల్లె చుట్టుపక్కల మైకు కట్టిన ఆటో వినిపిస్తే అందులో గొంతు నాదే. సినిమా, చీరల తగ్గింపు, తప్పిపోయిన పాడి ఎనుము, ఏదైనా ఒకే రాగం. (ఎనుమును కూడా 'నేడే చూడండి' అన్నానని గిట్టనివాళ్ళు చెబుతారు. ఒక్కసారే.) టీకాలకూ నన్నే పిలిస్తే, చీమ కుట్టినంత నొప్పి కూడా ఉండదని ఊరంతా తిరిగి అరిచాను.

తల్లులు బడి ముందు చేరారు గానీ ఒక్కరూ ముందుకు రాలేదు. నర్సమ్మ నన్ను పిలిచి, "అంత ధైర్యం సెప్తాండావు కదప్పా, ఈ బిడ్డను ఒళ్ళో పట్టుకో, సూసి అందరూ వస్తారు" అంది. పట్టుకున్నాను. ఆమె సూదిలోకి మందు లాగి, పైకెత్తి, ఒక్క చుక్క బయటికి వదిలింది. ఆ చుక్క వరకే నాకు గుర్తు. బిడ్డను ఎవరో అందుకున్నారట. నన్ను అందుకోవాలని ఎవరికీ తోచలేదు. కళ్ళు తెరిస్తే మొహం మీద నీళ్ళు, చుట్టూ ఊరు. నాకు పెళ్ళి సంబంధాలు చూస్తున్న రోజులవి. "మందు ఘాటు తగిలినట్టుండాది" అన్నాను. నిమిషంలో బడి ముందు నేనూ, నర్సమ్మా, టీకాల ఐసుపెట్టే మిగిలాం.

ఆ తర్వాత ఆమె మైకు జోలికి పోలేదు. ఇంటింటికీ నడిచి, అరుగు మీద కూర్చుని, వాళ్ళతో పాటు శెనక్కాయలు ఒలుస్తూ భయాలన్నీ వినేదట. జ్వరం వస్తుందా అంటే రావచ్చనే చెప్పేదట. ఒక్కో ఇల్లే దారికొచ్చింది, కొన్ని తప్ప.

ఆ కొన్నింట్లో ఒక ఇంటికే నా కూతుర్ని ఇచ్చాను. మొన్న మనవరాలికి టీకా అనేసరికి మా వియ్యపురాలు వాకిలికి అడ్డం నిలబడింది. "ఎద్దు మాదిరి మనిషి, ఆ మందు ఘాటుకే మూట పడినట్టు పడినాడు. నా కండ్లతో సూసినా. పసిబిడ్డ తట్టుకుంటాదా?" ఆ ఎద్దు ఎవరో ఆమెకు తెలియదు. (అప్పుడు నాకు జుట్టుండేది.) నా కూతురు ఏడుపు మొహంతో నా వైపు చూసింది. ఐసుపెట్టెతో నిలబడింది ఆ నర్సమ్మే, తల నెరిసింది. నన్ను గుర్తుపట్టి కూడా 'ఇతనే' అని వేలు చూపలేదు.

"ఆ పడింది నేనే సెల్లెమ్మా," అన్నాను. "మందు నాకు తగల్లేదు. సూదిని సూసి భయపడినా. సిగ్గుకు అబద్ధం సెప్పినా."

వియ్యపురాలు నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "గొంతు అంతుండాదే గానీ గుండె ఇంతేనా అన్నా?" అని, నర్సమ్మ వైపు తిరిగి జ్వరం సంగతి అడిగింది. వస్తే రావచ్చని, రేపు తానే వచ్చి చూస్తానని నర్సమ్మ చెప్పింది. వియ్యపురాలే మనవరాలిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

నేను గోడ వైపు తిరిగాను. పాప ఒక్కసారి కేరుమని, ఊరుకుంది.

"అయిపాయనప్పా, ఇట్ల తిరుగు" అంది నర్సమ్మ. సూది ఇంకా ఆమె చేతిలోనే ఉందేమో. గోడకేసి చూస్తూనే అన్నాను: "సిస్టరమ్మా, మిమ్మల్ని ఇంటింటికీ నడిపించింది నేనే. తప్పు నాది, మన్నించండి."