కర్పూరం డబ్బాల మిరియాలు

మా బడికి పెద్ద టీవీ వచ్చిన రోజు అందరికంటె ఎక్కువ సంబురపడ్డది నేనే. నయాపూల్ దాటినంక లోపలి గల్లీల ఉంటది మా బడి. ఏండ్ల సంది ఆడ కెమిస్ట్రీ చెప్తున్న. సుద్దముక్కతోని బోర్డు మీద గుండ్రాలు గీసి, "గిదే అణువు, నమ్ముండ్రి" అని చెప్పి చెప్పి నా గొంతు పోయింది. మా పుట్టింట్ల తాతల కాలం సంది గుడి పూజారులే. కండ్లకు కనవడనిదాన్ని నమ్మిచ్చుడు మన ఇంటి విద్యనే గదా అని మా అన్న ఇప్పటికీ నన్ను ఎక్కిరిస్తడు.

టీవీతోని పాటు వీడియోలు గూడ వచ్చినయి. మంచిగున్నయి, రంగులు, సంగీతం, అన్ని ఉన్నయి. నీళ్లు ఆవిరయ్యే పాఠంల అణువులకు కండ్లు, ముక్కు, నోరు పెట్టిన్రు. చల్లగుంటె చేతులు పట్టుకోని నవ్వుతయి, వేడి చేస్తె ఎర్రగై ఉరుకుతయి. పిల్లలు చప్పట్లు కొట్టిన్రు. నేను గూడ మురిసిపోయిన. తెల్లారి పరీక్ష పెడితే తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి గిట్ల రాసింది: "వేడి చేసినప్పుడు అణువులకు కోపమొచ్చి గిన్నెల నుంచి ఎల్లిపోతయి." ఇంకొకతి అణువుకు మీసాలు గూడ పెట్టింది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పిల్లల మీద కాదు, గా బొమ్మ గీసినోని మీద. అణువుకు కోపమేంది, దాని మొఖం! కోపం నాకొస్తది. గా రోజే ఫైసలా చేసుకున్న. మా క్లాసుల ఇంక ఎవ్వరు ఊకె కూసోని సినిమా చూసుడు లేదు, ఎవరి సినిమా వాళ్లే తియ్యాలె.

ఖర్చేం లేదు. పుస్తకాలు దొంతి పెట్టి, దాని మీద నా ఫోన్ బోర్లించి, కింద నల్లగుడ్డ పరిస్తం. గుడ్డ మీద సగ్గుబియ్యం, పెసర్లు, ఆవాలు. అవే అణువులు. గింజను కొంచెం జరుపుడు, ఫోటో తీసుడు, మల్ల జరుపుడు. ఫోటోలన్ని వరుసగ ఉరికిస్తె గింజలు వాటంతటవే కదిలినట్టు కనవడ్తది. ఇందుల ఒక కిటుకున్నది. గింజను జరపాలంటె ఎటు జరపాల్నో పిల్ల ఆలోచించాలె. అప్పుడు దాని బుర్రల ఏమున్నదో గుడ్డ మీద పడ్తది. రాత పరీక్షల దాచుకోవచ్చు గని ఈడ దాచుకోరాదు. గిట్ల చెప్తె పాఠం ఎక్కకుంటె నన్ను అడుగుండ్రి అని హెడ్ మాస్టర్‌కు సవాల్ చేసిన. ఎక్కింది గూడ.

గా సంవత్సరం పదో తరగతిల ఒక పిల్ల ఉండె. వాళ్లది ఉస్మాన్‌గంజ్‌ల పూజ సామాన్ల హోల్‌సేల్ దుకాణం, తాతల నాటిది. లెక్కలల్ల పిల్ల మస్తు హుషార్. గందుకే వాళ్ల బాపు ఎప్పుడో అనుకున్నడు, పదో తరగతి కాంగనె కామర్స్‌ల ఏసి, తర్వాత గల్లా మీద కూసోబెట్టాలని. పిల్లకేమో కెమిస్ట్రీ చదువాలని పానం. ఇంట్ల అడిగితే లొల్లి. ఆఖర్కి నేనే దుకాణానికి పోయి, "అన్నా, బడికి తల్లిదండ్రులు వచ్చే రోజు మీ బిడ్డ తీసిన సినిమా చూడుండ్రి, చూసినంక మీ ఇష్టం" అన్న. ఆయన తరాజు మీద నుంచి తల ఎత్తకుంటనె, "వస్త మేడమ్. గని సినిమాలు చూసి గ్రూపులు మార్చెటోన్ని కాదు నేను" అన్నడు.

పిల్ల తీసుకున్న పాఠం కర్పూరం. కర్పూరం గట్టిగున్నది గట్టిగున్నట్టె గాలిల కలుస్తది, నడుమ కరిగి నీళ్లు గాదు. దుకాణంల పుట్టిన పిల్లకు ఇంతకంటె మంచి పాఠం ఏముంటది? సగ్గుబియ్యం కుప్ప పోసి, గింజలు ఒక్కొక్కటి లేచిపోతున్నట్టు మంచిగ తీసింది. ఎక్కడా కండ్లు లేవు, కోపాలు లేవు. నేను భేష్ అందామనుకునే లోపట్నె, కుప్ప చుట్టు మిరియాలు వచ్చి నిలవడ్డయి. పైకి లేచిన సగ్గుబియ్యం మిరియానికి తగిలి, బుద్ధిగ ఎనక్కి వచ్చి కుప్పల కూసున్నది.

"గిదేందే?" అన్న.

"మిరియాలు టీచర్. మిరియాలేస్తె కర్పూరం ఎగిరిపోదు గదా."

నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలే. ఎందుకంటె మా అమ్మ కర్పూరం డబ్బాల గూడ మిరియాలుంటయి. మా గుడిల ఉంటయి. పాతబస్తీల పూజ చేసే ఏ ఇంట్ల చూసినా ఉంటయి. నేను గూడ ఏస్త. ఎందుకేస్తున్నవని నన్ను ఇప్పటిదాంక ఎవ్వరు అడగలే, నేను గూడ అడుక్కోలే.

"సగ్గుబియ్యం గింజ అణువైతె, దాని ముందు మిరియం ఎంతుండాల్నో ఎర్కేనా? మన పట్నమంత ఉండాలె" అన్న. పిల్ల కండ్లు పెద్దగ చేసింది. "సరే, నువ్వంటున్నవు మిరియం ఆపుతదని. ఆపుతదో లేదో నేను చెప్ప. ఫోన్ ఉన్నది, సీసాలున్నయి. చూసి నువ్వే చెప్పు."

ల్యాబ్ కిటికీల నాలుగు గాజు సీసాలు పెట్టింది. అన్నిట్ల ఒకే తీరు కర్పూరం బిళ్లలు. రెండిట్ల మిరియాలు, రెండిట్ల లేవు. మిరియాలున్న సీసా ఒకటి మూత బిగించి, ఒకటి మూత తీసి. మిరియాలు లేనియి గూడ గట్లనే. రోజూ ప్రేయర్ కంటె ముందు వచ్చి, ఒకే జాగల నిలవడి ఫోటో తీసేది. కొన్ని వారాల ఫోటోలు ఉరికిస్తె సంగతి బయటపడ్డది. మూత తీసిన సీసాలు రెండిట్ల కర్పూరం కరిగినట్టు చిన్నగై పోయింది, మిరియాలున్నా పోయింది, లేకున్నా పోయింది. మూత బిగించిన రెండిట్ల ఉన్నది ఉన్నట్టె ఉన్నది. పిల్ల మిరియాలు తీసేసి సగ్గుబియ్యం సినిమా మల్ల తీసి, సీసాల ఫోటోలు దాని ముందట అతికిచ్చింది. ఈసారి గింజలు మూతకు తగిలి ఎనక్కి వచ్చినయి. నాకు చెప్పరాని సంతోషమైంది.

గని తల్లిదండ్రులు వచ్చే ముందటి రోజు పిల్ల మొఖం మాడ్చుకోని వచ్చింది. "టీచర్, సినిమాల నుంచి మిరియాల సీసాల ముక్క తీసేస్త. మా దుకాణంల గిరాకీలందరికి బాపు మిరియాలేస్తె కర్పూరం పోదనే చెప్తడు. నలుగుట్ల అది తప్పని నేను చూపిస్తె ఇంక నన్ను సైన్స్‌ల ఏస్తడా?"

నా నోరు ఊకుండేది కాదు. ఉన్నమాటంటె ఉలుకెక్కువ, ఉలికితే ఉలకనియ్యి అందామనుకున్న. గని పోయేది నాది కాదు గదా, దాని చదువు. "నీ సినిమా, నీ ఇష్టం. ఉంచినా నా పక్క నుంచి మార్కులు అవే, తీసేసినా అవే" అన్న. గట్ల అన్న గని, దేవుడా, తియ్యకపోతె బాగుండు అని రాత్రి పండుకున్నంక గూడ అనుకున్న.

తియ్యలే. తెల్లారి అందరి ముందట టీవీ మీద నాలుగు సీసాలు కనవడ్డయి. అమ్మలందరు ముందుకు వంగిన్రు. మిరియాలున్న సీసాల కర్పూరం మాయమైతుంటె ఎనకంగ ఎవరో "అయ్యయ్యో" అన్నరు. పిల్ల బాపు రెండో వరుసల చేతులు కట్టుకోని కూసున్నడు. సినిమా అయిపోయినంక లేచి నిలవడ్డడు.

"అంటె మా నాయిన పిచ్చోడా? నలబై ఏండ్లు మిరియాలేసిండు, ఒక్క బిళ్ల పోలే."

నేను పిల్ల దిక్కు చూసిన. జవాబు దానిదే.

"తాత పిచ్చోడు కాదు బాపు," అన్నది పిల్ల. "తాత మూత ఎన్నడన్న తెరిచి పెట్టిండా? చిన్నప్పుడు నేను తెరిస్తె చెయ్యి మీద కొట్టేటోడు. మిరియాలేసిండు, మూత గూడ బిగించిండు. కర్పూరాన్ని ఆపింది మూత."

ఆయన టీవీ దిక్కు చూసిండు. కిటికీ కాడికి పోయి ఒక్కొక్క సీసా ఎత్తి చూసిండు. మూత తీసి వాసన చూసి, మల్ల బిగించిండు. ఎనుకకు తిరిగి, "గీ వీడియో నా ఫోన్‌ల పంపు. బజార్ల అందరికి చూపిస్త, నా బిడ్డ తీసిందని. గని గా మిరియాల ముక్క తీసేసి పంపు. నిన్ననే ఒక గిరాకీకి కర్పూరంతోని పాటు పావుకిలో మిరియాలు కట్టిచ్చిన" అన్నడు.

అందరు నవ్విన్రు. పిల్ల నవ్వలే. తల వంచుకోని, మెల్లగనె, గని తెగేసి అన్నది.

"తియ్య, బాపు."

ఇంక అయిపోయింది, కామర్సే అనుకున్న. ఆయన నా దిక్కు తిరిగిండు.

"చూసిన్రా మేడమ్? దీన్ని గల్లా మీద కూసోబెడితె వచ్చిన గిరాకీకల్లా మిరియాలెందుకు, మూత పెట్టుకో అంటది. నా దుకాణం మునుగుతది. సైన్సే చదువనీ."