గద్ద తన్నుకుపోయింది

లోకంలో ఏ వస్తువు పోయినా దాన్ని గద్దే తన్నుకుపోయిందని మా హష్మత్ చాచా నమ్మకం. నమ్మకమంటే ఆయనకు కోపం, సాక్ష్యం అనాలి. "నా ఈ రెండు కళ్ళతో చూశాను" అనేవారు. ఆ రెంటిలో ఒకదానికి పొర కమ్మిందనీ, రెండోది అద్దాలు లేకుండా పనిచెయ్యదనీ, ఆ అద్దాల్ని కూడా గద్దే తన్నుకుపోయిందనీ గల్లీలో అందరికీ తెలుసు.

పాత ఢిల్లీలో గద్దలకు కొదవేముంది! మా లోటేవాలీ గల్లీలో ఎవరికి జ్వరం వచ్చినా, ఎవరు ప్రయాణం కట్టినా, మాంసం ముక్కలు తలచుట్టూ తిప్పి డాబా మీంచి గద్దలకు విసరడం తాతలనాటి సదకా, అంటే దిష్టి తీసే దానం. చెయ్యి పైకి లేస్తే చాలు, ఆకాశం కనబడదు. విసిరిన ముక్క నేల మీద పడగా నేను చూడలేదు. ఇంతగా మేసే పక్షులకు మా సబ్బుబిళ్ళలతో, చెప్పులతో పనేమిటని అడిగితే చాచా జాలిగా చూసేవారు.

"పిచ్చివాడా, తిండి పెట్టిన ఇల్లే కదా దానికి దారి తెలిసిన ఇల్లు!"

ఒకసారి కుళాయి దగ్గర ఇత్తడి బాల్చీ మాయమైంది. నువ్వు తీశావంటే నువ్వు తీశావని రెండు ఇళ్ళవాళ్ళు జుట్లు పట్టుకోబోతున్నారు. చాచా మధ్యలోకి వచ్చి నిలబడ్డారు.

"గద్ద తన్నుకుపోయింది."

"బాల్చీనా? గద్దా? అంత బరువు ఎలా మోస్తుంది చాచా?"

"ఖాళీ బాల్చీ కదా. నీళ్ళుంటే నేనూ నమ్మేవాణ్ణి కాదు."

నవ్వలేక అందరూ పొట్టలు పట్టుకున్నారు. మర్నాడు పొద్దున బాల్చీ కుళాయి కిందే ఉంది. "తెచ్చి పెట్టేసింది. మర్యాద తెలిసిన గద్ద" అన్నారు చాచా. ఎవరింట్లోంచి వచ్చిందని మళ్ళీ ఎవరూ అడగలేదు.

ఇంకోసారి మా డాబా మీద చల్లారబెట్టిన శామీ కబాబులు పళ్ళెంతో సహా మాయం. చాచా పక్క డాబా మీద చాలా తీరిగ్గా కూర్చుని ఉన్నారు.

"చాచా, నా కబాబులు!"

"చూశాను బేటా. గద్ద."

"మరి మీ గడ్డానికి ఆ పుదీనా చట్నీ ఏమిటి?"

"దాని నోట్లోంచి లాక్కోబోయాను. పెనుగులాటలో అంటింది."

నా జేబురుమాలు సంగతి మాత్రం నాకు నవ్వులాటగా లేదు. మా ఆవిడ తస్నీమ్ నా పేరు కుట్టి ఇచ్చిన తెల్ల రుమాలు, ఆరేసిన తాడు మీంచి పోయింది. చాచా యథాప్రకారం సాక్ష్యం చెప్పారు. దాంతో తస్నీమ్‌కు రుమాలు ఎవరో పరాయి ఆడదాని ఇంట్లోనే ఉందని రూఢి అయిపోయింది. చాచా నా పక్షాన మాట్లాడకుండా ఉంటే బయటపడేవాణ్ణేమో.

అసలు పరీక్ష చలికాలం వెళ్ళాక వచ్చింది. ఎదురింటి ఖుద్సియా ఖాలా బొంతలు మడతపెట్టి పెట్టెల్లో వేయించిన రోజున ఆమె బంగారు జుంకా ఒకటి కనబడలేదు. ఖాలా నోటికి గల్లీ అంతా హడలు. పుట్టి బుద్ధెరిగాక అబద్ధం ఆడలేదని ఆమెకు పేరు, ఆ సంగతి ఆమే చెప్పేది. అనుమానం కొత్తకోడలు నిఖత్ మీద పడింది. పుట్టింటి ఊరు అమ్రోహా నుంచి పిల్ల తమ్ముడు వచ్చి ముందురోజే వెళ్ళాడు మరి.

వాకిట్లో జనం మూగారు. నిఖత్ గోడకు ఆనుకుని, ఏడవడానికి కూడా భయపడుతూ నిలబడింది.

"రేపు పొద్దున బస్సెక్కిస్తాను. జుంకా దొరికితేనే తిరిగి రమ్మనండి" అంది ఖాలా.

"ఆపా, జుంకాని గద్ద..." అని మొదలుపెట్టారు చాచా.

"తన్నుకుపోయింది, మీరు రెండు కళ్ళతో చూశారు. అంతేనా హష్మత్ భాయ్?" ఖాలా పెరటి వేపచెట్టు వైపు చెయ్యి చూపింది. "గూడు అదిగో. ఎక్కి తీసుకురండి. తెస్తే కోడలు ఉంటుంది."

గూట్లో పిల్లలున్న రోజులవి. చెట్టు దాపులకు పోతేనే తల్లిగద్ద నెత్తి మీద తన్నేది. "టోపీ పెట్టుకొస్తాను" అని చాచా ఇంట్లోకి వెళ్ళారు. ఎంతసేపటికీ రారు. పారిపోయారనే అనుకున్నాం. చివరికి నెత్తి మీద బిర్యానీ దేగిశా బోర్లించుకుని వచ్చారు.

ఆ ఎక్కడం చూడాల్సిందే. నిచ్చెన మీద నేను కాళ్ళు పట్టుకున్నాను. పైన గద్ద దేగిశాను తన్నినప్పుడల్లా ఠంగుమని మోగుతోంది. "క్షమించు తల్లీ! ఈ ఒక్కసారికి నీ పేరు వాడుకోనీ!" అని చాచా లోపల్నుంచి అరుస్తున్నారు. ఆఖరికి గూట్లో చెయ్యి పెట్టి, దొరికింది దొరికినట్టు పిడికిట పట్టుకుని దిగారు. చెవి గీరుకుపోయి రక్తం.

పిడికిలి విప్పితే ఒక రిబ్బను, ఒక చెంచా, బంగారు జుంకా, నా పేరు కుట్టిన తెల్ల రుమాలు!

అందరికంటే ఎక్కువ ఆశ్చర్యపోయింది చాచాయే. రుమాలు రెండు చేతులా పట్టుకుని, "అరె! నిజంగానే తన్నుకుపోయిందే!" అన్నారు.

తస్నీమ్ నా వైపు చూసి తల దించుకుంది. నేను మాత్రం ఎత్తిన తల వారం దాకా దించలేదు.

ఖాలా జుంకా అందుకుంది. మా గల్లీ పెళ్ళిళ్ళకు నగలు చేసేది ఒకే కంసాలి, అన్ని జుంకాలకూ అవే చేపపిల్లల బొమ్మలు. ఆమె దాన్ని పెట్టెలో పెట్టి తాళం వేసి, కోడలి వైపు తిరిగింది. "నిలబడి చూస్తావేమే? చాచాకు పాలల్లో పసుపు వేసి పట్టుకురా." క్షమాపణ అంటే ఖాలాకు అంతవరకే చేతనవును.

మళ్ళీ చలి మొదలవుతుండగా దూదేకేవాడు వచ్చాడు. ఖాలా వాకిట్లో పాత బొంత విప్పి దూది దులిపాడు. అందులోంచి జుంకా జారి పడింది.

నేనూ తస్నీమ్ అక్కడే ఉన్నాం. ఖాలా పెట్టె తెరిచి, ఉన్న రెండూ తీసి పక్కన పెట్టింది. మొత్తం మూడయ్యాయి. గూట్లోంచి వచ్చినదాన్ని తిప్పి చూసింది. దాని కొక్కేనికి సన్నటి ఎర్రదారం చుట్టి ఉంది.

"చనిపోయిన జమీలా చాచీది" అంది తస్నీమ్ మెల్లగా. "చాచీకి చెవి పుండయ్యేదని చాచాయే దారం చుట్టేవారు."

ఖాలా అక్కడే చతికిలబడింది. నాకు టోపీ కోసమని వెళ్ళిన చాచా ఎంతకీ రాకపోవడం గుర్తొచ్చింది, బాల్చీ గుర్తొచ్చింది, చెప్పులు గుర్తొచ్చాయి. గద్ద మీద దొంగతనం పడిన ప్రతిసారీ మా గల్లీలో ఎవరో ఒక మనిషి దొంగ కాకుండా మిగిలిపోయాడు. కబాబుల సంగతి వేరు, ఆ విషయంలో నేను క్షమించను.

సాయంత్రం ఖాలా చాచా ఇంటికి బయల్దేరింది. ఏం జరుగుతుందోనని మేమూ వెనకే వెళ్ళాం. గుప్పిట్లోని జుంకా తీసి ఆయన ముందు పెట్టింది.

"హష్మత్ భాయ్, ఇది మా డాబా మీద పడి ఉంది."

చాచా ముఖంలో రంగు మారింది. "మీ డాబా మీదికి ఎలా వచ్చిందాపా?"

ఖాలా గొంతు సవరించుకుంది. మొదటి అబద్ధం కదా, పాపం, చెవులదాకా ఎర్రబడింది. "గద్ద పడేసిపోయింది. నా ఈ రెండు కళ్ళతో చూశాను."

చాచా జుంకాను అరచేతిలో పెట్టుకుని, ఎర్రదారాన్ని వేలితో సర్దారు. తర్వాత గడ్డం నిమురుకుంటూ లేచారు.

"మీరు చూశానంటే కాదంటానా? కూర్చోండాపా, చాయ్ పెడతాను. చక్కెర మాత్రం..."

"తెలుసు లెండి" అంది ఖాలా, కొంగు చాటు నుంచి చక్కెర పొట్లం తీస్తూ. "అదీ తన్నుకుపోయిందిగా!"