మా మామ రావలసిన ఊరు

మా మేనమామ పోయాడు. కబురు వచ్చేటప్పటికి నేను ఇటలీలో, ఫ్లారెన్స్‌లోని మా కాలేజీలో, చేతుల నిండా బంకమట్టితో ఉన్నాను. క్లాసు వేళలో అమ్మ ఎప్పుడూ ఫోన్ చేయదు. మోచేత్తో స్పీకర్ నొక్కాను. "మామ లేస్తలేడట బిడ్డా" అంది. డ్యూటీకి వేళవుతోందని దుబాయ్ లేబర్ క్యాంపులో గదిలోవాళ్లు లేపితే లేవలేదట. "మొఖం మీద నీళ్లు చల్లమను" అన్నాను, తెలివితక్కువగా. "అన్ని జేసిండ్రు" అంది అమ్మ. ఆ తర్వాత కూడా చాలాసేపు పోయాడనే మాట మా ఇద్దరిలో ఎవరి నోటా రాలేదు. నిద్రలోనే గుండె ఆగిపోయిందని డాక్టర్లు తర్వాత చెప్పారు.

మీరెవరూ ఆయన్ని ఎరగరు. కానీ దుబాయ్‌లోనో అబుదాబిలోనో తెల్లటి స్తంభాలూ, వాటి తలల మీద మెలితిరిగిన ఆకులూ ఉన్న విల్లాల ముందు నుంచి వెళ్తూ, అబ్బ, రాజుల కోటలా ఉందే అని ఎప్పుడైనా అనుకుని ఉంటే, వాటిలో కొన్ని మా మామ పోసినవే అయ్యుండొచ్చు. దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో ఒక ఫ్యాక్టరీలో ఆయన పని. రబ్బరు అచ్చుల్లో జిప్సమో సిమెంటో పోయడం, గట్టిపడ్డాక అచ్చు విప్పడం, అంచులు గీకి నున్నగా చేయడం. ఆ సరుకును అక్కడ రోమన్ పిల్లర్లు అంటారు. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి వచ్చి, భార్యనూ కూతురినీ ఊళ్లోనే ఉంచి, బతుకులో సగం ఆ తెల్లదుమ్ములోనే గడిపాడు.

సెలవు రోజున బస్సులు మారి అబుదాబిలో మా ఇంటికి వచ్చేవాడు. నాన్న ముసఫాలో ఒక కంపెనీలో లెక్కలు చూస్తాడు. మేముండేది పక్కనే, మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో. మామ రాగానే చేసే మొదటి పని, వేలి కణుపుతో గోడను తట్టి చూడటం. ఎవరింటికి వెళ్లినా ఇదే వరస. "గిది బోలు" అని ఇంటివాళ్ల ముందే తేల్చేసేవాడు. అమ్మ తలపట్టుకునేది. తిన్న కంచం తనే కడిగేవాడు, అమ్మ ఎంత తిట్టినా సరే. అందరూ చక్కెర తగ్గించుకుంటుంటే ఆయన చాయ్‌లో మాత్రం చెంచా నిలబడేది.

వచ్చినప్పుడల్లా సంచిలో నాకోసం ఒక ముక్క ఉండేది. ఫ్యాక్టరీలో పనికిరాదని పక్కన పడేసినవి, ముదీర్‌ను, అంటే మేనేజర్ని, అడిగి తెచ్చేవాడు. రెక్క విరిగిన పక్షి, సగం ద్రాక్షగుత్తి, ముక్కులేని సింహం. నా స్నేహితురాళ్లు బొమ్మలకు జడలు వేస్తుంటే నేను సింహానికి ప్లాస్టిసిన్‌తో ముక్కు అతికించేదాన్ని. సోఫా మీద తెల్లపొడి పడిందని అమ్మ గోల. "అక్కా, పిల్ల పని నేర్సుకుంటున్నది, నువ్వెందుకు ఒర్లుతవ్?" అని మామ. నేను బొమ్మలు వేసేదాన్ని అయ్యానంటే అది ఆ సంచి వల్లే. ఇంకో కారణం వెతకనక్కర్లేదు.

ఆయనకు ఒక మాట ఊతపదంగా ఉండేది: "పచ్చిగున్నప్పుడు ఇప్పకు." అచ్చు గురించిన మాట అది. ఆరకముందే విప్పితే ఆకులన్నీ రబ్బరుకే అంటుకుని వస్తాయి. మామ మాత్రం దాన్ని అన్నిటికీ వాడేవాడు. నా పరీక్ష ఫలితాలకూ, అమ్మానాన్నల తగాదాలకూ, ఊళ్లో కూతురి పెళ్లి మాటలకూ ఇదే మందు. ఇప్పుడు ఈ నాలుగు ముక్కలు రాయడానికి కూర్చుంటే నాకూ అదే చెబుతాడేమో. ఆరేదాకా ఆగే ఓపిక నాకు లేదు మామా.

కరోనా వచ్చిన ఏడాది క్యాంపు గేట్లు మూసేశారు. మామ నెలల తరబడి రాలేదు. రోజూ సాయంత్రం ఫోన్లో నా బొమ్మలు చూసేవాడు. అప్పుడే నేను డిజైన్ చదువుతాను, అదీ ఫ్లారెన్స్‌లో చదువుతాను అని ఇంట్లో పిడుగులాంటి మాట అన్నాను. నాన్న కంప్యూటర్లు అన్నాడు. ఇక్కడే చదివి ఇక్కడే ఉద్యోగం అన్నాడు. ఆయన భయం ఆయనది. ఈ దేశంలో మా కాళ్లకింద ఉన్నది వీసా కాగితమే కదా. గేట్లు తెరిచాక మామ మొదటిసారి ఇంటికి వచ్చిన రోజున, అన్నం ముందు కూర్చుని, తల ఎత్తకుండానే అన్నాడు.

"బావా, ఇన్నేండ్లాయె నేను గా ఆకులు పోయవట్టి. అసలు ఆకు ఎట్లుంటదో నాకెరుక లేదు. మా మౌల్డ్ ఇంకో మౌల్డ్ సూసి జేసింది. గది ఇంకోటి సూసి జేసింది. మనింట్ల ఒకరన్న పోయి అసలుది సూసి రావాలె గద."

"రాళ్లు సూసొస్తే కడుపు నిండుతదా?" అన్నాడు నాన్న.

"నాకు నిండలేదా బావా?" అన్నాడు మామ. ఆ మరుసటి వారం నాన్న నా దరఖాస్తు మీద సంతకం పెట్టాడు.

ఫ్లారెన్స్ వెళ్లిన కొత్తలో ఒక పాత మఠం ప్రాంగణంలో నిలబడి మామకు వీడియో కాల్ చేశాను. అవతల క్యాంపు గది మొత్తం మామ ఫోన్ మీద పడింది. నేను గర్వంగా కెమెరాను స్తంభాల తలల మీదికి తిప్పాను. కొన్ని శతాబ్దాల వానకు అరిగిన రాతి ఆకులు అవి. మామ ముఖం ఫోన్‌కు దగ్గరగా వచ్చింది.

"గిదేంది బిడ్డా, గిట్లున్నది? కొసలు ఇరిగినయి. ఒక ఆకు తీరుగ ఇంకోటి లేదు. మౌల్డ్ ఖరాబైనట్టుంది. మా ముదీర్ సూస్తే రిజెక్ట్ గొడ్తడు."

వెనకనుంచి ఎవరో "ఖలాస్, వాపస్ పంపు" అన్నారు. అందరూ నవ్వారు, నేనూ పడీపడీ నవ్వాను. తర్వాత చెప్పాను, ఇక్కడ అచ్చులు లేవు మామా, ఒక్కొక్క ఆకునూ ఒక్కొక్కరు కూర్చుని రాతిలో చెక్కారు, అందుకే ఒకదానిలా ఇంకోటి ఉండదు అని. మామ నవ్వు ఆగిపోయింది.

"అంటే, చెక్కినోడు మల్ల ఎప్పుడన్న గాడికొస్తే, గిది నా ఆకు అని గుర్తువడ్తడు?"

"పడతాడు మామా."

"నేను పోసినయి ఊరినిండ ఉన్నయి. ఏది నాదో నేనే జెప్పలేను" అన్నాడు. బాధగా అనలేదు. ఉన్న విషయం చెప్పినట్టు అన్నాడు. బాధ నాకు కలిగింది, ఇప్పటికీ ఉంది. ఇంకాస్సేపు చూపించమని అడిగి, చివర్న "ఒక్కపారి చెయ్యి వెట్టి సూస్తే బాగుండు" అన్నాడు.

ఆ కోరిక తీరడం ఎంత కష్టమో గల్ఫ్‌లో పనిచేసే వాళ్లకు చెప్పనక్కర్లేదు. రెండేళ్లకోసారి సెలవు. ఆ సెలవు ఊళ్లో ఎదురుచూసే మనిషిది. అందులోంచి పది రోజులు తీసి రాళ్లకు ఇవ్వడమంటే దొంగతనంలాంటిదే అనుకునేవాడు మామ. నేనెన్నిసార్లు రమ్మన్నా మాట దాటవేసేవాడు. చివరికి అమ్మే ఆగలేక ఊరికి ఫోన్ చేసి అత్తకు విషయం చెప్పింది. అత్త మామకు ఫోన్ చేసి తిట్టిందట. "ఇన్నేండ్లు ఆగినదాన్ని, పది దినాలు ఆగలేనా? పోయి రా. నువ్వేం జేస్తవో నాకెన్నడు సమజ్ గాలే. సూసొచ్చి నాకు జెప్పు."

అలా కుదిరింది. కంపెనీ ఉత్తరం ఇచ్చింది. వీసా ఆఫీసులో ఎందుకు వెళ్తున్నారని అడిగితే "ఖంబే దేఖ్‌నే" అన్నాడట, స్తంభాలు చూడటానికి అని. కౌంటర్ అమ్మాయి నవ్వు ఆపుకోలేకపోయిందట. ఈ జవాబుకి వీసా ఎవరిస్తారు అనుకున్నాను. ఇచ్చారు. నవంబరులో ముందు నా దగ్గరికి రావడం, అట్నుంచటే ఊరికి వెళ్లడం. ఆయనకోసం నేను చింతపండు వెతికి తెచ్చుకున్నాను. ఏ రోజు ఏ స్తంభమో అనుకున్నాను. చెయ్యి పెడితే ఎవరూ కేకలు వేయని స్తంభాలు ఊళ్లో ఎక్కడున్నాయో తిరిగి తిరిగి చూసిపెట్టుకున్నాను. అక్టోబరులో మామ నిద్రలో పోయాడు.

నేను అబుదాబి వచ్చేసరికి నాన్న కాగితాల కోసం ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నాడు. శవాన్ని ఊరికి పంపాలంటే పాస్‌పోర్టు రద్దు చేయాలట. రద్దు ముద్ర వేసిన ఆ పాస్‌పోర్టులో ఇటలీ వీసా చెక్కుచెదరకుండా ఉంది. దానికింకా గడువు ఉంది. నాకు ఎవరి మీదో తెలియని కోపం వచ్చింది. మొక్కడానికి దేవుడు గుర్తురాలేదు కానీ తిట్టడానికి గుర్తొచ్చాడు.

మర్నాడు అమ్మ మామను తీసుకుని ఊరికి బయలుదేరాలి. దానికి ముందు అమ్మా నేనూ మామ సామాను కోసం క్యాంపుకు వెళ్లాం. ఆడవాళ్లను లోపలికి రానివ్వరు. గదిలోవాళ్లే గేటు దగ్గరికి తెచ్చారు. అత్త కోసం కొన్న సెంటు సీసాలు, టైగర్ బామ్, పువ్వుల దుప్పటి. అన్నిటికన్నా పైన, ప్లాస్టిక్ కవరులో ఒక మందపాటి నల్లకోటు.

"గిది మేమందరం గలిసి కొన్నమక్కా, కరామా బజార్ల" అన్నాడు మామ పక్క మంచం మనిషి, నిజామాబాద్ వైపాయన. "గాడ చలి మస్తుంటదట గద. ఆగుతదో లేదో సూద్దామని, ఏసీ ఫుల్లు వెట్టి అన్నకు తొడిగి కూసోవెట్టినం. మేమంత దుప్పట్లల్ల గజగజ వణుకుతున్నం. అన్నకేమో చెమటలు వట్టినయి. 'పాస్' అన్నడు." నవ్వబోయి ఆగిపోయాడు. మిగిలినవాళ్లు నేల చూస్తున్నారు.

టాక్సీలో అమ్మ కోటును డిక్కీలో పెట్టనివ్వలేదు. ఒళ్లో పెట్టుకుంది. బయట ఎండ మండిపోతోంది. పెషావర్ డ్రైవర్ అద్దంలోంచి చూసి, ఇంత ఎండలో ఈ కోటేంటమ్మా అని ఉర్దూలో అడిగాడు.

"మేరే భాయ్ కా" అంది అమ్మ. తన వచ్చీరాని హిందీలో కాసేపు వెతుక్కుని, "ఠండా ముల్క్ జా రహా థా" అంది, మా తమ్ముడిది, చలిదేశానికి వెళ్లబోయాడు అని.

నేను కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. కాసేపటికి ఇటు తిరిగితే, అమ్మ కవరు తీసేసి, కోటు చేతులు సరిగ్గా చాపి, కింది నుంచి ఒక్కొక్క గుండీ పెడుతోంది. మెడ దాకా పెట్టింది. కాలరు సవరించింది. ఒక గుండీ తప్పిందేమో, అన్నీ విప్పి మళ్లీ కింది నుంచి పెట్టడం మొదలుపెట్టింది.